గోవాలో ఫెనీ బట్టీ, డిస్టిలరీ చూడాలని ఉంది: తాగని నాన్నగారిని కూడా తీసుకెళ్లవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏప్రిల్ రెండో వారంలో మీరు, ముగ్గురు మిత్రులు, రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మీ నాన్నగారు కలిసి గోవా వెళ్తున్నారు. ఒక చిన్న డిస్టిలరీలో గైడు వెంట తిరిగి, ఆ తర్వాత రుచి చూసే కార్యక్రమంలో కూర్చోవాలని ఉంది. ఆరు రకాలు వరసగా ఇస్తే మత్తెక్కకుండా తేడాలు ఎలా పట్టుకోవాలి? ఎక్కడికి వెళ్లాలి? నాన్నగారు చుక్క ముట్టరు, మరి ఆయనకు అక్కడ ఏముంటుంది?

తప్పకుండా వెళ్లండి. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి. నాకు తెలిసి ఆ రోజు ఎక్కువ ఆనందించేది ఆయనే. ఒక రోజుకు ఒక చోటు చాలు. ఉదయం పూట, కడుపునిండా టిఫిను తిని, డ్రైవరున్న కారు మాట్లాడుకుని వెళ్లండి. గ్లాసును నోటి దగ్గర కంటే ముక్కు దగ్గర ఎక్కువసేపు ఉంచండి. ఏప్రిల్ కాబట్టి ఒక్కటే చూసే వీలుంటే జీడిమామిడి పండ్ల రసంతో సారా కాచే ఫెనీ బట్టీ చూడండి. విస్కీ, జిన్ తయారీ ఏడాది పొడవునా సాగుతుంది, మరోసారి చూడవచ్చు. ఫెనీ బట్టీ మార్చి నుంచి మే చివరి దాకానే వెలుగుతుంది.

నేను పంతొమ్మిదేళ్లు డిస్టిలరీల్లో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. అందులో చివరి ఆరేళ్లు గోవాలోనే. వారానికి రెండు రోజులు సందర్శకులను వెంటబెట్టుకుని తిప్పడం కూడా నా పనిలో భాగంగా ఉండేది. మాది ఉద్దానం, పలాసకు దగ్గరి ఊరు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

ముందు బట్టీలో ఏం జరుగుతుందో చెబుతాను. తెలిసి వెళితే గైడు చెప్పేది రెట్టింపు అర్థమవుతుంది.

ఫెనీకి పండు కోయరు. చెట్టు మీద బాగా పండి, దానంతట అది రాలినదాన్నే ఏరుతారు. గింజను మెలిపెట్టి తీసేసి, పండ్లను కొళంబి అనే రాతి తొట్టిలో వేసి తొక్కుతారు. ఇప్పుడు చాలాచోట్ల నలగ్గొట్టే మరలు వచ్చాయి. తొక్కినప్పుడు వచ్చిన రసాన్ని పులియడానికి పక్కన పెడతారు. మిగిలిన పిప్పిని కుప్పగా చేసి పైన బరువు పెడితే అందులోంచి ఒక్కో చుక్కగా తేట రసం దిగుతుంది. దాన్ని నీరో అంటారు. మన తాటి నీరా లాంటిదే, పులియకముందు తాగే చలువ పానీయం. నాన్నగారికి దీన్ని అడిగి ఇప్పించండి. అయితే ఆ పూట దిగినదే అని రూఢి చేసుకోండి. ఆ ఎండలో మధ్యాహ్నం దాటితే అది తనంతట తానే పులవడం మొదలుపెడుతుంది.

పక్కన పెట్టిన రసం రెండు మూడు రోజులు పులుస్తుంది. బయటి ఈస్టు ఏదీ కలపరు. పండు తొక్క మీద, గాలిలో, కుండ గోడల్లో ఉన్నదే ఆ పని చేస్తుంది. మన పల్లెల్లో ఊట అనే మాట ఉంది కదా, అదే ఇది. ఊటను రాగి పాత్రలో పోసి కింద కట్టెల మంట పెడతారు. ఒకప్పుడు ఆ పాత్ర మట్టిదే. కొంకణిలో దాని పేరు వినగానే మీకు మన బాన గుర్తొస్తుంది. ఆవిరి గొట్టం గుండా వెళ్లి చల్లబడి చుక్కలుగా పడుతుంది. మొదటిసారి దిగేది ఉర్రాక్. అందులో ఆల్కహాల్ సుమారు 15 శాతం. దానికి మళ్లీ ఊట కలిపి రెండోసారి కాస్తే 40 శాతం దాటుతుంది. అదే ఫెనీ. ఈ పేరు నురుగు అన్న అర్థం నుంచి వచ్చిందని అక్కడివారు చెబుతారు. మన తెలుగులో ఫేనము అన్నా నురుగే. సీసాను కుదిపి, పైన లేచిన బుడగల పరిమాణం, అవి నిలిచే సేపు చూసి ఘాటును అంచనా వేసే పెద్దవాళ్లను నేను చూశాను. చాలాసార్లు నా హైడ్రోమీటరు లెక్కకు ఒకటి రెండు శాతం తేడాలోనే చెప్పేవారు.

జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొబ్బరి ఫెనీ వేరు. అది దక్షిణ గోవాలో కొబ్బరి కల్లు కాచి తీసేది. పండు వాసన ఉండదు, కాస్త మెత్తగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం దొరికితే వదులుకోకండి.

ఉర్రాక్ నిలవ ఉండదు. అందుకే ఊరు దాటి రాదు. ఎంత డబ్బు పెట్టినా హైదరాబాదులో దొరకనిదీ, ఆ మూడు నెలల్లో అక్కడ మాత్రమే దొరికేదీ అదే. మీరు ఏప్రిల్‌లో వెళ్లడం అదృష్టం అంటున్నది అందుకే.

బట్టీ దగ్గర ఏం చూడాలి

మూడు చోట్ల ఆగండి. పులుస్తున్న ఊట దగ్గర, చుక్కలు పడే మూతి దగ్గర, నిలవ గది దగ్గర. చాలామంది మొదటి రెండింటిని ఫొటో తీసుకుని దాటేస్తారు. నన్నడిగితే మొత్తం పాఠమంతా ఆ రెండింటి దగ్గరే ఉంది.

ఊట మీద వంగి నేరుగా పీల్చకండి. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పైకి వస్తుంది, ముక్కులో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. చేత్తో గాలిని మీ వైపు తోసుకుని వాసన చూడండి. నాన్నగారు ప్రయోగశాలలో పిల్లలకు నేర్పింది ఇదే కదా.

చుక్కలు పడే మూతి దగ్గర గైడును ఒక ప్రశ్న అడగండి: "ధారను ఎక్కడ విడదీస్తారు?" స్వేదనంలో మొదట వచ్చేది, నడుమ వచ్చేది, చివర వచ్చేది ఒకటి కాదు. మొదటి ధారలో గోళ్ల రంగు తుడిచే ద్రవం లాంటి వాసన ఉంటుంది. అది ఈథైల్ అసిటేట్, ఎసిటాల్డిహైడ్ లాంటి వాటి పని. చివరి ధారలో తడిసిన అట్టపెట్టె, పాత నూనె గుడ్డ లాంటి వాసన వస్తుంది. నడిమి ధారనే సీసాకు ఎత్తుతారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయమే ఆ డిస్టిలరీ పనితనం. మంచి చోట ఈ మూడింటినీ మూడు గ్లాసుల్లో పోసి వాసన చూపిస్తారు. చూపించకపోతే మర్యాదగా అడగండి, ఇష్టంగా చూపించేవారే ఎక్కువ.

ఇక్కడ ఒక మాట సరిదిద్దాలి. "మొదటి ధార పారేస్తే మిథనాల్ అంతా పోతుంది" అని చాలామంది గైడులు చెబుతారు. అది పూర్తి నిజం కాదు. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర, ఇథనాల్ 78.4 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి విడిపోతాయనుకుంటాం. నీళ్లతో కలిసి ఉన్నప్పుడు మామూలు పాత్రలో అవి అంత శుభ్రంగా విడిపోవు, మిథనాల్ కొద్దికొద్దిగా ధార పొడవునా వస్తూనే ఉంటుంది. పండ్ల సారాలో సహజంగా ఉండే ఆ కొద్ది మోతాదును ప్రయోగశాలలో కొలిచి, పరిమితి లోపల ఉందో లేదో చూస్తారు. కల్తీ సారా తాగి మనుషులు చనిపోయే ఘటనల వెనుక సాధారణంగా ఉండేది పరిశ్రమల మిథనాల్‌ను తెచ్చి కలపడం. అందుకే లైసెన్సు, లేబులు లేని చోట ఎంత ఆప్యాయంగా పోసినా తాగకండి. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు, మీకూ వద్దు.

ఒకసారి ఇద్దరు సందర్శకులు దారి పక్క దుకాణంలో కొన్న సీసా ఒకటి తెచ్చి, ఇది అసలైనదేనా అని అడిగారు. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది వాసన చూశాను. మొదట పండు ఘుమఘుమలాడింది, నిమిషంలో పోయింది, అడుగున ఏమీ మిగలలేదు. మామూలు స్పిరిట్‌లో ఎసెన్సు కలిపినట్టు అనిపించింది. నిజమైన ఫెనీ అలా పారిపోదు. చేయి కడుక్కున్నా కాసేపు ఉంటుంది. ఇది ఖచ్చితమైన పరీక్ష కాదు కానీ అనుమానం తెచ్చుకోవడానికి సరిపోతుంది.

రుచి చూసేటప్పుడు

ముందు లెక్క. సాధారణంగా ఒక్కో రకం 15 మిల్లీలీటర్లు పోస్తారు. ఆరు రకాలంటే 90, అంటే మూడు చిన్న పెగ్గులు. మన దేశంలో చాలా సీసాల మీద ఉండే 42.8 శాతమే లెక్క వేసుకున్నా, గంటలో అంత తాగితే నాలుగో గ్లాసు నుంచి మీ ముక్కు మీ మాట వినదు. అంత తాగనక్కరలేదు. ఒక్కో గ్లాసులో అర చెంచాకు కాస్త ఎక్కువ, సుమారు 3 మిల్లీలీటర్లు నోట్లోకి తీసుకుంటే చాలు. ఆరూ కలిపి ఒక చిన్న పెగ్గు కూడా కాదు. మిగిలింది ఉమ్ము పాత్రలో పోసేయండి. పారబోయడం అమర్యాద అని మనవాళ్లు అనుకుంటారు. వృత్తిలో ఉన్నవాళ్లం రోజూ చేసేది అదే.

పరిశీలించే విధానం ఇది. గ్లాసు పైన ముడుచుకున్న ఆకారంలో ఉండాలి. ముక్కును గ్లాసులో ముంచేయకండి, అంచుకు కాస్త పైన పెట్టి, నోరు కొద్దిగా తెరిచి పీల్చండి. నోరు మూసి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ మంట ఒక్కటే తెలుస్తుంది, ఆ తర్వాత ముక్కు మొద్దుబారుతుంది. రెండు క్షణాలు చూసి దూరం జరపండి. మళ్లీ రండి. ప్రతిసారీ ఒక పేరు పెట్టండి, మీ ఇంటి పేరే పెట్టండి. పండిన పనస, మగ్గిన అరటి, బెల్లం పాకం, వాన పడ్డ మట్టి, ఉప్పులో వేసిన మామిడి ముక్క. ఇంగ్లీషు పుస్తకాల్లోని బెర్రీల పేర్లు మీరెప్పుడూ తినకపోతే అవి మీకు పనికిరావు. మీ జ్ఞాపకంలో ఉన్న వాసనే మీ కొలబద్ద.

ఆ తర్వాత కొద్దిగా మంచినీళ్లు కలపండి. దీన్ని కల్తీ అనుకోకండి. పరీక్షల గదిలో మేము నమూనాను 20 శాతం దాకా పలుచన చేసి వాసన చూసేవాళ్లం. మంట తగ్గితే లోపల దాక్కున్న గుణాలూ దోషాలూ బయటపడతాయి. ఐసు మాత్రం వద్దు. చలికి వాసనలు ముడుచుకుపోతాయి.

తేలికైనదాని నుంచి ఘాటైనదానికి వెళ్లండి. ఉర్రాక్ ముందు, ఫెనీ తర్వాత. పొగ వాసన ఉన్న విస్కీ ఏదైనా ఉంటే అన్నిటికంటే చివర. ఫెనీలో సుగంధిపాల వేరు నానబెట్టిన దుక్‌షిరి అనే రకం ఉంటుంది. రాయలసీమ నన్నారి షర్బత్ తాగినవాళ్లు మొదటి వాసనకే గుర్తుపడతారు. దాన్ని ఫెనీ తర్వాత చూడండి, ముందు చూస్తే ఆ తీపి వాసన మిగతావాటిని కప్పేస్తుంది. నడుమ ముక్కు అలసిపోతే కాఫీ గింజలు వాసన చూడమంటారు. నా అనుభవంలో అంతకంటే సులువైనది మీ సొంత మోచేతి మడత. ముక్కుకు అలవాటైన వాసన అదొక్కటే, అక్కడికి వెళ్లి వస్తే తిరిగి తెరుచుకుంటుంది.

ఆ ఉదయం సెంటు, అత్తరు రాసుకోకండి. మీ బృందంలో ఎవరైనా తలలో మల్లెపూలు పెట్టుకుంటే ఆ పక్క కూర్చున్నవారికి జిన్ అర్థం కాదు. నేను స్వయంగా చూసిన సంగతి ఇది. టిఫినులో ఇడ్లీ, ఉప్మా, పూరీ ఏదైనా సరే, ఆవకాయ మాత్రం ఆ ఒక్క పూట పక్కన పెట్టండి.

నాకు బాధ కలిగించిన బృందాలు కూడా ఉన్నాయి. ముందు రాత్రంతా తాగి, మధ్యాహ్నం రెండింటికి అద్దె స్కూటర్ల మీద వచ్చి, "టూరు వద్దు, గ్లాసులు తెండి" అన్నవారు. నలభై డిగ్రీల వేడిలో రోజంతా మంట ముందు నిలబడి కాచిన మనిషి పక్కనే ఉంటాడు. అతని పనిని ఒక్క క్షణం చూడకుండా గుటుక్కున మింగి వెళ్లిపోవడం నేను ఎన్నేళ్లయినా అలవాటు చేసుకోలేకపోయాను. అలా వచ్చినవారు తిరిగి స్కూటరు ఎక్కకుండా తాళాలు తీసుకున్న రోజులూ ఉన్నాయి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు. ఉమ్మేసినా సరే, మీలో ఎవరూ ఆ పూట బండి ముట్టకండి.

నాన్నగారి సంగతి

తాగనివారికి టూరు టిక్కెట్టు చాలాచోట్ల విడిగా ఉంటుంది. ముందే ఫోను చేసి, రుచి చూడనివారు ఒకరు ఉన్నారని చెప్పండి. రుచి గదిలో కూర్చుని వాసన మాత్రం చూస్తారని కూడా చెప్పండి. నేను పనిచేసిన చోట ఎప్పుడూ అభ్యంతరం పెట్టలేదు. గోవాలో మద్యం వయసు 21 దాటాలి, మీ మిత్రులు గుర్తింపు కార్డులు దగ్గర ఉంచుకోవాలి.

ఆయన అడగదగ్గ ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఎన్నిసార్లు కాచినా ఆల్కహాల్ 95.6 శాతం దగ్గర ఎందుకు ఆగిపోతుందో పాఠంలో చెప్పే ఉంటారు. రాగి పాత్రే ఎందుకు అన్నది మాత్రం చేతితో తాకి తెలుసుకోవాలి. పులిసేటప్పుడు పుట్టే గంధక సమ్మేళనాలను రాగి పట్టుకుంటుంది. స్టీలు పాత్రలో కాస్తే ఉడికిన క్యాబేజీ వాసన మిగిలిపోతుంది. పాత్ర లోపలి గోడ నల్లబడి ఉంటే ఎందుకు నల్లబడిందో ఆయనే మీ అందరికీ వివరిస్తారు.

తాగనివారు ఏం పొందుతారన్న ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబుంది. ఒక ఏప్రిల్‌లో కొడుకూ కోడళ్లతో ఒక పెద్దామె వచ్చారు. అరవై దాటిన మనిషి. మాది సోంపేట వైపు అన్నారు. గ్లాసు చేతిలోకి తీసుకోవడానికే ఇబ్బంది పడ్డారు. "అమ్మా, తాగవద్దు, వాసన చూడండి చాలు" అని ఉర్రాక్ ఇచ్చాను. చూసి, కళ్లు మూసుకుని, "ఇది రాలిన రోజు పండు కాదు బాబూ, మర్నాటిది. చెట్టు కింద తడి ఉంటే ఇలాగే వస్తుంది" అన్నారు. నేను వెళ్లి పనివాళ్లను అడిగాను. ముందు రోజు సాయంత్రం జల్లు పడిందట, ఆ పండ్లు ఒక రాత్రి తోటలోనే ఉన్నాయట. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో అంత ఖచ్చితమైన ముక్కు నేను మరొకటి చూడలేదు.

ఆమెకు ఆ వాసన ఎలా తెలుసో నాకు తెలుసు. మా ఉద్దానంలో గింజకే విలువ. పలాసలో అంతా పప్పు లెక్కే. గింజ తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తాం. పిల్లలు నాలుగు చీకి, చొక్కా మీద పోని మరక చేసుకుని, తిట్లు తింటారు. మిగతాది అక్కడే కుళ్లుతుంది. మా చిన్నప్పటి వేసవులన్నీ ఆ వాసనే. అదే పండుకు గోవాలో ఒక పేరు, ఒక గుర్తింపు, ఒక కాలం ఉన్నాయి. సారాయే కాయాలని నేననడం లేదు. పండు నేలపాలు కావడం మాత్రం ఇప్పటికీ నా మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఇంకా సమయం ఉంటే

రెండో రోజు దక్షిణ గోవాలోని కుంకోళి వెళ్లవచ్చు. అక్కడ పాల్ జాన్ సింగిల్ మాల్ట్ విస్కీ డిస్టిలరీకి సందర్శకుల కేంద్రం ఉంది. అక్కడ కొయ్య పీపాల గదిలో నిలబడండి. స్కాట్లాండులో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, మన వేడికి అంతకు నాలుగైదు రెట్లు పోతుంది. దీన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారు. అక్కడ పన్నెండేళ్లకు వచ్చే రంగూ రుచీ ఇక్కడ చాలా ముందే వచ్చేస్తాయి. ఫెనీని మాత్రం సంప్రదాయంగా గాజు బుడ్లలో నిలవ చేస్తారు, అందుకే నీళ్లలా తెల్లగా ఉంటుంది. ఈ రెండు గదులూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే కొయ్య ఏం చేస్తుందో మాటలు అక్కరలేకుండా తెలుస్తుంది.

మనకు దగ్గరలో ఏమీ లేదా అంటే, పొలం గట్ల మీద పెరిగే కిత్తనారతో మద్యం తీసిన డెస్మండ్‌జీ వారి చిన్న డిస్టిలరీ చిత్తూరు జిల్లాలోనే ఉంది. వారు ఇప్పపూల సారాను కూడా సీసాలకెక్కించారు. సందర్శకులను అనుమతిస్తారో లేదో ముందు కనుక్కుని గానీ బయలుదేరకండి.

కొనేటప్పుడు సీల్ తీయని సీసానే కొనండి, బిల్లు దాచుకోండి. విమానంలో 24 నుంచి 70 శాతం మధ్య ఘాటున్నవి ఒక్కొక్కరు 5 లీటర్ల దాకా చెకిన్ సామానులో వేయవచ్చు. అది విమానం నిబంధన మాత్రమే. ఇంటికి ఎన్ని సీసాలు తేవచ్చన్నది మీ రాష్ట్ర ఎక్సైజ్ నిబంధన చెబుతుంది, అది మారుతూ ఉంటుంది. బయలుదేరే ముందు చూసుకోండి. మందులు వాడుతున్నవారు, కాలేయం బాగాలేనివారు, గర్భిణులు మూడు మిల్లీలీటర్లు కూడా వద్దు. వాసనతో ఆగండి.

చివరిగా ఒక పని చేయండి. మీకు నచ్చిన ఫెనీ గ్లాసును వెంటనే కడగనివ్వకండి. ఖాళీ చేసి, బోర్లించకుండా అలాగే పావుగంట బల్ల మీద ఉంచండి. ఆల్కహాల్ ఎగిరిపోయి గోడలకు అంటుకున్నది మాత్రమే మిగులుతుంది. పరీక్షల గదిలో మేము రాత్రి వదిలేసిన గ్లాసులను పొద్దున్నే వాసన చూసి తుది మాట రాసేవాళ్లం. ఆ గ్లాసును ముందు నాన్నగారి చేతికి ఇవ్వండి.